కరగని గౌరమ్మ

పొట్లం మీది ఇంగ్లిషు ఎన్నిసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. పాలిమర్ క్లే, అంటే ఓవెన్‌లో పెడితే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో రెండేళ్లుగా కమ్మలు చేస్తున్నదాన్నే. ఈ బంగారు రంగు ఎంబోసింగ్ పౌడర్ మాత్రం కొత్త. వేడి తగిలితే కరిగి, మెరిసే పూతలా అంటుకుంటుందట. కాల్చకముందే అద్దాలని ఒక వీడియో చెప్పింది, కాల్చాకే అద్దాలని ఇంకొకటి చెప్పింది. రెండూ చూసి ఉన్న తెలివి కూడా పోగొట్టుకున్నాను.

ఇంతకీ నేను చేయబోయింది గౌరమ్మను. పండుగ చివరి రోజైన సద్దుల నాడు పూల బతుకమ్మ మీద పెట్టే ఆ పసుపు ముద్దను ఏటా మా అత్తమ్మే చేసేది. ఈసారి మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేక నాకు అప్పజెప్పింది. నేను కలిపితే పసుపు జారుగా అయి కూలబడుతుంది. మంచిర్యాలలో మా గల్లీ ఆడవాళ్లకు అదొక నవ్వులాట. ఈసారి వాళ్ల నోళ్లు మూయించాలనుకున్నాను.

ఈ ఏడు నవ్వే స్థితిలో లేనిది పక్కింటి కోడలు ఒక్కతే. ఆమె భర్త దుబాయిలో పనిచేస్తాడు. పద్దెనిమిది రోజులుగా అతని ఫోన్ లేదు. బతుకమ్మను నీళ్లలో వదిలాక గౌరమ్మ పసుపును పుస్తెలకు అద్దుకుంటే భర్త చల్లగా ఉంటాడని మా నమ్మకం. పండుగకు రెండు రోజుల ముందు ఆమె వచ్చి, అత్తమ్మ మంచం పక్కన కూర్చుని, ఈసారి ఆ పసుపు ముందుగా తనకే పెట్టించమని అడిగి వెళ్లింది. వంటింట్లోంచి అంతా విన్నాను. విని కూడా నాకేమీ తట్టలేదు. నా బుర్రను ఏమనాలి?

పసుపు రంగు క్లేను గోపురంలా చేసి, కుంచెతో పొడి అద్ది ఓవెన్‌లో పెట్టాను. ముద్ద గట్టిపడింది, పొడి మాత్రం పొడిలాగే ఉంది. వేడి చాలలేదేమోనని జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్ పట్టాను. బంగారమంతా ఎగిరి కూరగాయల బుట్టలో పడింది. టమాటాలు ధగధగా మెరిశాయి. చివరికి మళ్లీ పొడి అద్ది, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడ వేడి గాలి మిషన్ ఉంటుంది. ఆ దుకాణాయన గౌరమ్మను చూసి, చెప్పులు విడిచి మరీ మిషన్ పట్టాడు. పొడి కరిగి, పారి, చూస్తుండగానే బంగారు పూతయింది. నాకు ఒళ్లు జలదరించింది. అది భక్తో గర్వమో ఇప్పటికీ తెలియదు.

అత్తమ్మ దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, బాగుందని మాత్రం అంది. బొటనవేలితో ఒకసారి రుద్ది, వేలు చూసుకుని తిరిగిచ్చేసింది. ఇంత కష్టపడితే ఇంతేనా అని నాకు కోపమొచ్చింది.

సద్దుల సాయంత్రం గోదావరి ఒడ్డున బతుకమ్మ ఆట ముగిసింది. గౌరమ్మను తీసి పళ్లెంలో పెట్టుకుని బతుకమ్మలను నీళ్లలో వదిలాం. ఆడవాళ్లంతా పుస్తెలు బయటికి తీసి నా చుట్టూ చేరారు. అప్పటికి తట్టింది. గోటితో గీకాను. ఏమీ రాలేదు. ఒకామె కిసుక్కున నవ్వింది, మిగతావాళ్లు పక్క గుంపు గౌరమ్మ దగ్గరికి నడిచారు. పక్కింటి కోడలు కదల్లేదు. పుస్తెలు పట్టుకుని అలాగే నిలబడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇది ప్లాస్టిక్ అని, నువ్వూ అటే వెళ్లమని నసిగాను.

"నీళ్లల్ల ఏస్తే కరగదా అక్కా?" అని అడిగింది.

"కరగదు చెల్లె."

"అయితే నాకియ్యి. ఆయన ఫోన్ చేసెదాంక మా దేవుని అర్రల పెట్టుకుంట."

చివరికి గోదావరిలో కలవాల్సిన గౌరమ్మను ఇంటికి పంపొచ్చో లేదో నాకు తెలియలేదు. ఎవరినైనా అడిగితే ఏమంటారో అని భయం వేసింది. అడక్కుండానే ఇచ్చేశాను.

మర్నాడు వెళ్లి చూశాను. నా బంగారు పూత మీద దట్టంగా పసుపు పట్టించింది. మెరుపు ఎక్కడా కనబడలేదు. రోజూ తలస్నానం చేసి కొత్త పసుపు పూస్తానని, అందులోంచే పుస్తెలకు అద్దుకుంటానని చెప్పింది. ఫోన్ వచ్చిననాడు కడిగి తెచ్చిస్తానంది. తలూపాను. చేసింది మంచో చెడో తేల్చుకోలేక ఇంటికొచ్చాను.

తెచ్చిచ్చిందా అని అత్తమ్మ రోజూ అడుగుతుంది. దీపావళి కూడా వెళ్లిపోయింది. పక్కింటి కోడలు ఇంకా తేలేదు.