గంట అడుగు

ఆ ఏడాదంతా రోజూ పొద్దున్న ఆరుంబావుకి అచ్చియ్యమ్మ టీ గ్లాసు పట్టుకుని వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. చల్లగాలి కోసం కాదు. సరిగ్గా ఆ వేళకి నాలుగిళ్ళ అవతల ఉండే సంధ్యారాణి నడకకి బయలుదేరుతుంది. ఆమె ఏ కాలు ఈడుస్తోందో చూడాలి. కుడికాలు కాస్త బరువుగా పడినట్టు కనిపిస్తే అచ్చియ్యమ్మకి ఆ పూట టీ రుచిగా ఉండేది. చెప్పులు టపటపలాడించుకుంటూ తిన్నగా ఫ్యాక్టరీ రోడ్డు వైపు వెళ్ళిపోతే మాత్రం, "ఇదేటి టీయే, కుడితినీళ్ళలాగుంది," అని కోడలు రోజా మీద విసుక్కునేది.

"అదే పేకెట్టు పాలు, అదే పొడి అత్తా. తేడా టీలో లేదు, రోడ్డు మీదుంది," అని రోజా వంటింట్లోంచే జవాబు చెప్పేది.

ఇద్దరికీ ఉన్నది ఒకటే జబ్బు, మోకీళ్ళ అరుగుదల. ఇద్దరూ వెళ్ళింది అనకాపల్లిలో ఒకే డాక్టరు దగ్గరికి. ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూస్తే సంధ్యారాణి మోకాళ్ళే ఎక్కువ అరిగాయని డాక్టరే అన్నాడు. అచ్చియ్యమ్మని కుదురుగా ఉండనివ్వని మాట అదే. తనకంటే ఎక్కువ అరిగిన కాళ్ళు తనకంటే బాగా నడవడమేమిటి? నడిస్తే నడిచాయి, కోలాటం కూడా ఆడడమేమిటి?

కోలాటం మాట వస్తే మొదలుపెట్టింది అచ్చియ్యమ్మే. ఆమె పుట్టిల్లు దేవరాపల్లి దగ్గర. చిన్నప్పుడే జడకోలాటం నేర్చుకుంది. పన్నెండేళ్ళ కిందట చోడవరంలో తమ వీధి ఆడవాళ్ళని పోగుచేసి, రామకోవెల పక్క ఖాళీ స్థలంలో ఒక గెడ పాతించి, దాని కొసన ఇనప రింగు బిగించి, రింగుకి ఎనిమిది రంగుల తాళ్ళు కట్టించింది. ఎనిమిది మంది ఎడమచేత్తో తలో తాడూ పట్టుకుని, కుడిచేత్తో కర్ర ఆడిస్తూ, నలుగురు ఇటూ నలుగురు అటూ తిరుగుతారు. ఎదురొచ్చిన మనిషిని ఒకసారి బయటినుంచి, ఒకసారి లోపలినుంచి దాటుతారు. తాళ్ళన్నీ కలిసి గెడ చుట్టూ జడలాగ అల్లుకుంటాయి. అల్లడం సులువే. తరవాత అవే అడుగులు వెనక్కి వేసి జడని విప్పాలి. అక్కడే ఎవరి సత్తువ ఎంతో తేలిపోతుంది. ఒక్కరు ఆగితే అందరూ ఆగాలి. అందుకే అచ్చియ్యమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. అల్లినవాళ్ళే విప్పాలి, మధ్యలో తాడు చేతులు మారకూడదు. కొత్తగా తాడు అందుకున్న మనిషికి తను లోపలినుంచి వెళ్ళాలో బయటినుంచి వెళ్ళాలో తెలియదు, జడ చిక్కుపడుతుంది.

మోకాళ్ళు ముందు మొరాయించింది సంధ్యారాణికే. ఏడేళ్ళ కిందట ఒక సాయంత్రం, జడ సగం విప్పాక, "వదినా, కాలు కదలడం లేదు. తాడు ఇంకెవరైనా అందుకోండి," అంది. అచ్చియ్యమ్మ అందరి ముందూ ఆ తాడు లాగేసుకుంది. "విప్పలేనోళ్ళు అల్లకూడదు. మోకాళ్ళు బాగోలేనోళ్ళు భజనలో కూకుని తాళాలు కొట్టుకోండమ్మా," అంది. నలుగురూ నవ్వారు. సంధ్యారాణి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. రెండేళ్ళు ఆ ఛాయలకి రాలేదు.

తిరిగి వచ్చినప్పుడు తాడు అడగలేదు. గెంతే అడుగులున్న చోట గెంతకుండా, కూర్చుని కర్ర కొట్టే చోట నడుం వంచి నిలబడే కొడుతూ తాడు లేని మామూలు కోలాటంలో వెనక వరసలో ఆడింది. "అది కోలాటమా, కోలాటం నీడా?" అని అచ్చియ్యమ్మ వెక్కిరించింది. అలా వెక్కిరించిన రెండేళ్ళకి తన మోకాళ్ళకీ నొప్పి వచ్చింది.

డాక్టరు చాలా చెప్పాడు. బరువు తగ్గాలన్నాడు, తొడ కండలు గట్టిపడాలన్నాడు, నేల మీద కూర్చోవద్దన్నాడు, నడవమన్నాడు. అచ్చియ్యమ్మ చెవికెక్కింది 'అరిగిపోయింది' అన్న ఒక్క ముక్కే. భర్త సత్యారావు చెరుకు రైతు. నలభై ఏళ్ళుగా మోటార్లతో వేగిన మనిషి. "అరిగిన బేరింగుని తిప్పితే ఇంకా అరుగుద్ది గానీ బాగుపడద్దేటి? కదలకుండా కూకో," అని తేల్చేశాడు. అచ్చియ్యమ్మకి ఆ మాట సబబుగా తోచింది. టీవీ ముందు కూర్చుంది. ఏడాదిన్నర గడిచేసరికి తొమ్మిది కేజీలు పెరిగింది, కాళ్ళు మాత్రం సన్నబడ్డాయి. పీట మీదనుంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

ఈలోగా బృందం సంధ్యారాణి చేతికి వెళ్ళింది. వెళ్ళి ఊరుకుంటే బాగుండేది. ఆమె ఒక కొత్త అడుగు పెట్టింది. రెండు చుట్లు తిరిగాక ఎనిమిది మందీ ఉన్నచోటే నిలబడిపోతారు. కర్ర పైకెత్తి పక్కవాళ్ళ కర్రకి తాకిస్తూ పదహారు దెబ్బలు, నెమ్మదిగా, గుడి గంట కొట్టినట్టు. పాట ఆగిపోతుంది, ఆ చప్పుడొక్కటే వినిపిస్తుంది. పదిహేడో దెబ్బకి డోలక్కుతో పాటు అందరూ ఒక్కసారి కదులుతారు. దానికి గంట అడుగు అని పేరు పడింది. బుచ్చయ్యపేట ఊరిపండగ సంబరంలో ఆ అడుగు మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశారట. దాని వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అచ్చియ్యమ్మ చెల్లెలు కూడా దేవరాపల్లినుంచి పంపించి, "మీ ఊరిదే కదప్పా, ఎంత బాగుందో!" అని రాసింది. అచ్చియ్యమ్మ ఆ వీడియోని పదకొండుసార్లు చూసి తీసేసింది. మర్నాడు రోజా ఫోన్లో మళ్ళీ చూసింది.

"ఏదో మందు మింగుతోందే. ఇంజక్షనో, నూనో ఉంటాది. కనుక్కుని రా," అని కోడల్ని తరిమింది. రోజా కూడా బృందంలోనే ఆడుతుంది కాబట్టి సంధ్యారాణి ఇంట్లో దానికి చనువు ఎక్కువ.

రోజా వచ్చి చెప్పింది. "నూనే లేదు, గీనే లేదు. టీవీ సూస్తా కుర్చీలో కూకుని కాలు సాపి లేపతాది. కాలికి కేజీ ఉప్పు పేకెట్టు తువ్వాలుతో కట్టుకుంటాది. ఒక్కో కాలికి పదిహేనుసార్లు."

"ఉప్పుతో మోకాళ్ళు బాగైపోతే ఇంక డాక్టర్లెందుకు? నిన్ను ఎర్రిదాన్ని చేసి పంపించింది," అని అచ్చియ్యమ్మ కొట్టిపారేసింది.

ఆ మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక రెండు ఉప్పు పేకెట్లు కాలికి కట్టుకుని ఇరవైసార్లు లేపింది. సంధ్యారాణికి ఒకటైతే తనకి రెండు. మోకాలు కొబ్బరి బొండంలా వాచి మూడు రోజులు మంచం దిగలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఉప్పు సంగతీ, సత్యారావు బేరింగు మాటా విని నవ్వి, ముందు ఏ బరువూ లేకుండా ఐదుసార్లతో మొదలుపెట్టమన్నాడు. "బేరింగు మాట మర్చిపోండి. తుప్పు మాట గుర్తుపెట్టుకోండి," అన్నాడు. సత్యారావు ఆ రోజు తిరుగు బస్సులో వేరే సీటు చూసుకుని కూర్చున్నాడు.

అప్పటినుంచి అచ్చియ్యమ్మకి డాక్టరు చెప్పిన లెక్క ఒకటి, రోజా మోసుకొచ్చే లెక్క ఒకటి. సంధ్యారాణి ఇరవైకి వెళ్ళిందని తెలిసిన వారమే తను ఇరవై రెండుకి వెళ్ళేది. ఆమె రెండు పూటలా నడుస్తోందంటే తనూ సాయంత్రం రామకోవెల దాకా వెళ్ళొచ్చేది. అన్నం తగ్గించింది. పీట మానేసి కుర్చీలో కూర్చుని కూరలు తరిగేది. ఆరోగ్యం కోసం అని ఎవరైనా మెచ్చుకుంటే ఊ కొట్టేది గానీ, ఆమె కాలు పైకి లేచిన ప్రతిసారీ కళ్ళ ముందు ఉన్నది సంధ్యారాణి కాలే. ఎనిమిది నెలలకి ఆరు కేజీలు తగ్గింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలిగింది. నొప్పి పోలేదు, దానితో వేగడం తెలిసింది.

గౌరీపరమేశ్వరుల సంబరం నెల రోజుల్లోకి వచ్చేసరికి జడలో ఒక తాడు ఖాళీ అయింది. ఆకుపచ్చ తాడు మనిషి కూతురి పురుటికని గాజువాక వెళ్ళిపోయింది. ఆ సంగతి విన్నప్పటినుంచి అచ్చియ్యమ్మకి తిండి సహించలేదు. ఆ తాడు కావాలి. కానీ అడగవలసింది సంధ్యారాణిని. అడిగితే ఏమంటుందో కూడా తెలుసు. ఏడేళ్ళ కిందటి తన మాటే తనకి తిప్పి అప్పజెబుతుంది.

రెండు రోజులు ఊగిసలాడి మూడో రోజు పాలకేంద్రానికి వెళ్ళింది. అక్కడ పాలు కొలిచేది సంధ్యారాణే.

"తాడొకటి ఖాళీ అయిందట," అంది, పాలగిన్నెల వైపు చూస్తూ.

"అయింది వదినా."

"ఎవరికిస్తన్నావు?"

"అడిగినోళ్ళకి. ఎవరూ అడగలేదింకా."

అచ్చియ్యమ్మ కొంగు సర్దుకుంది. "నేనడుగుతున్నానే."

సంధ్యారాణి కొలపాత్ర పక్కన పెట్టింది. "రేపు సాయంత్రం రా. అల్లడం, ఇప్పడం రెండూ చెయ్యాల. కట్టుబాటు నువ్వు పెట్టిందే, నీకు చెప్పక్కర్లేదు."

వెటకారమో మామూలు మాటో తెలియలేదు. ఇంటికి వస్తూ అచ్చియ్యమ్మ దాన్ని వెటకారమనే అనుకుంది. అలా అనుకుంటేనే నడవడానికి బాగుంది.

మర్నాడు కుడి మోకాలికి బెల్టు బిగించుకుని వెళ్ళింది. హరిబాబు డోలక్కు ముందేసుకుని కూర్చున్నాడు. బృందానికి పాటా అతనే, వాయిద్యమూ అతనే. ఆకుపచ్చ తాడు చేతిలోకి రాగానే అచ్చియ్యమ్మ దాన్ని ఒకసారి గట్టిగా లాగి చూసుకుంది. మొదటి చుట్టు, రెండో చుట్టు, గంట అడుగు. పదహారు దెబ్బలూ పళ్ళు బిగించి కొట్టింది, సంధ్యారాణి గొప్పకి తను భజన చేస్తున్నట్టనిపించి. మళ్ళీ రెండు చుట్లు. జడ గెడ నడుం దాకా దిగింది. తప్పు లేదు. రోజా పసుపు తాడుతో ఎదురొచ్చి దాటుతూ, "బాగా ఆడతన్నావత్తా," అని గొణిగింది.

విప్పడం మొదలైంది. మొదటి చుట్టు గడిచింది. రెండో చుట్టు సగంలో, రోజాని లోపలినుంచి దాటబోతుంటే కుడి మోకాలు పట్టేసింది. తలుపు గడియ పడ్డట్టు పట్టేసింది. అచ్చియ్యమ్మ నిలబడిపోయింది. ఎదురొస్తున్న రోజా ఆగింది, దాని వెనకావిడ ఆగబోతోంది. తాళ్ళు బిర్రుగా లాగుతున్నాయి. సంధ్యారాణి అవతలి వైపునుంచి చూసింది. ఇప్పుడంటుంది. అందరి ముందూ అంటుంది.

"గంట!" అని అరిచింది సంధ్యారాణి.

హరిబాబు తెల్లబోయాడు. "ఇప్పుడా అప్పా? సుట్టు అవ్వలేదు కదా!"

"డోలక్కు ఆపు బాబూ, మాటాడకు."

ఎనిమిది కర్రలు పైకి లేచాయి. ఒకటి, రెండు, మూడు. అచ్చియ్యమ్మ బరువంతా ఎడమకాలి మీద వేసి, కర్ర ఆడిస్తూ, ఎదురుగా ఉన్న సంధ్యారాణిని చూసింది. అందరూ చూసేది పైన కర్రల్ని. అచ్చియ్యమ్మ చూపు కిందికి పోయింది. సంధ్యారాణి కూడా ఎడమకాలి మీదే నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళ చాటున ఆమె కుడి మడమ నేలనుంచి లేచి ఉంది. మోకాలు నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ముఖం మీద నవ్వు చెదరలేదు. తొమ్మిది, పది, పదకొండు. అచ్చియ్యమ్మ కూడా మడమ లేపింది. మోకాలు ఊపింది. పద్నాలుగో దెబ్బకి గడియ ఊడినట్టు కాలు వదిలింది. పదిహేడో దెబ్బకి రోజాని లోపలినుంచే దాటింది. జడ చివరిదాకా విడిపోయింది. ఎనిమిది తాళ్ళూ విడివిడిగా వేలాడాయి.

అందరూ నీళ్ళ సీసాల దగ్గరికి వెళ్ళాక అచ్చియ్యమ్మ సంధ్యారాణి పక్కన వచ్చి కూర్చుంది, కుర్చీలోనే.

"ఆ అడుగు మోకాలి కోసమటే?"

"మరేటనుకున్నావు?"

"సోకు కోసమనుకున్నాను."

"అందరూ అదే అనుకుంటారు. అనుకోనీ. రెండు సుట్లు తిరిగితే నా కాలు మొరాయిస్తాది. ఆగితే నవ్వుతారు. నేనొక్కదాన్నే ఆగకుండా అందర్నీ ఆపితే సప్పట్లు కొడతారు."

"ఎన్నాళ్ళనుంచి కడతన్నావు ఈ అడుగుని?"

సంధ్యారాణి సీసా మూత బిగించింది. "నువ్వు తాడు లాగేసుకున్న కాడినుంచీ వదినా. రెండేళ్ళు ఇంట్లో దూలానికి తాడు కట్టుకుని ఒక్కదాన్నే తిరిగేను."

అచ్చియ్యమ్మకి తెలుసు, తప్పయిందని అనాలి. నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాట అక్కడే ఉండిపోయింది. దాని స్థానంలో ఇంకోటి వచ్చింది. "ఇది నాకెందుకు తట్టలేదే? జడ నేర్పింది నేను. ఏడాదిన్నర కూకున్నాను, ఒక్క అడుగు తట్టలేదు."

"నువ్వు నా కాళ్ళు సూడ్డంలో ఉన్నావు కదా," అంది సంధ్యారాణి. "రోజూ పొద్దున్న నీ గుమ్మం ముందుకి రాగానే తిన్నగా నడుస్తాను. మలుపు తిరిగేక కుంటుకుంటాను."

నీళ్ళ సీసా తెచ్చిన రోజా ఫక్కున నవ్వింది. అచ్చియ్యమ్మ కోడలి వైపు కొరకొరా చూసింది. తరవాత తాడు కొస చేతికి చుట్టుకుని బేరం మొదలుపెట్టింది. "ఇప్పేటప్పుడు ఒక గంట సాలదు. ఇంకోటి పెట్టు. ఇరవై నాలుగు దెబ్బలు."

"పదహారే. ఇరవై నాలుగైతే జనాలు లేసి ఎల్పోతారు."

"ఇరవై."

"పదహారు వదినా. హరిబాబూ, నువ్వు సెప్పు."

"నన్ను మధ్యలోకి లాగకండి," అన్నాడు హరిబాబు.

చివరికి పద్దెనిమిది దగ్గర కుదిరింది. సంబరంలో ఆ రెండో గంట పడినప్పుడు కూడా జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పాలకేంద్రంలో ఎవరో, "రెండో గంట ఎవరి ఆలోచన?" అని అడిగితే సంధ్యారాణి అచ్చియ్యమ్మ పేరే చెప్పింది. ఆ సంగతి రోజా వచ్చి చెబితే అచ్చియ్యమ్మ సంతోషించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి మంచి పేరు కూడా సంధ్యారాణే కొట్టేసిందని ఆ సాయంత్రమంతా ఉడుక్కుంది.

ఇప్పుడు అచ్చియ్యమ్మకి అరవై రెండేళ్ళు. ఉప్పు పేకెట్టు కట్టుకుని రోజూ ఒక్కో కాలికి పాతికసార్లు లేపుతుంది. వారానికి మూడు సాయంత్రాలు జడ ఆడుతుంది. ఆ బృందంలో ఉన్న ఎనిమిది తాళ్ళలో మూడింటిని పట్టుకున్నది మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళే.