అన్న పట్టుబడ్డాడని వచ్చిన కార్డు

నేను ఆలూరు మిషన్ బడిలో పంతులమ్మగా చేరిన ఏడాదే, మా అన్న ఆఫ్రికా ఎడారిలో కనబడకుండా పోయాడని తంతి వచ్చింది. వానలు ఎగ్గొట్టి చేను ఎండిపోతే పటాలంలో చేరినవాడు. తంతి వచ్చేనాటికి వాడి కూతురికి ఇరవై రోజులు. పాప పుట్టిందని మేము రాసిన జాబు వాడికి అందిందో లేదో కూడా తెలియదు.

ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు టపా మనిషి బడికే వచ్చి నా చేతిలో ఒక అచ్చు కార్డు పెట్టాడు. దాని మీద పెన్సిల్‌తో మూడే మాటలు: ఇటలీలో ఖైదీగా ఉన్నాను, గాయం మానింది, క్షేమం. కింద తెలుగులో అన్న సంతకం! పిల్లలను ఎక్కాలు చదువుకోమని చెప్పి, చెప్పులు కూడా మరిచి ఇంటికి పరుగెత్తాను.

వదిన కొర్రలు దంచుతోంది.

“వదినా! అన్న బతికుండాడు!”

ఆమె రోకలి వదిలేసి కార్డును రెండు చేతులా పట్టుకుంది. చదువు రాదు. ఆ సంతకాన్ని మాత్రం వేలితో మళ్లీ మళ్లీ తడుముతోంది. క్షణంలో వీధంతా మా గడపలో ఉంది.

మా మేనమామ తల అడ్డంగా ఊపాడు. “శత్రువు చేతికి చిక్కినోన్ని యాడ బతకనిస్తారమ్మా? కార్డు రాపిచ్చుకోని సంపేసింటారు.”

వదిన ముఖం పాలిపోయింది. అప్పుడే ఎదురింటి తాత కర్ర ఊతంతో వచ్చాడు. మొదటి యుద్ధంలో సిపాయిగా పనిచేసి పింఛను తీసుకుంటున్నవాడు.

“ఏమప్పా, ఆ మాటలేంది? అరబ్బుల దేశం బస్రాలో తుర్కీ ఖైదీలకు నేను కాపలా కాసినా. ఆ ఎండకు మాకే నీళ్లు సాల్లేదు. అయినా వాళ్లకు పొయ్యమన్నాడు మా సుబేదారు. ఆయుధం కిందేసినోన్ని కొట్టగూడదు, కూడు పెట్టల్ల, ఇంటికి జాబు రాసుకోనియ్యల్ల. దేశాలన్నీ కూడి రాసుకున్న చట్టం అది.”

“ఆ చట్టం వాళ్లకు తెలుసునా తాతా?” అంది వదిన.

“తెలియకుంటే ఈ కార్డు నీకాడికి ఎట్ల వచ్చింటాదమ్మా?”

వదిన ఒక్కసారిగా ఏడ్చేసింది, నవ్వేసింది. ఆ సాయంత్రమే జవాబు రాశాము. యుద్ధం ఊసు ఎత్తకూడదని, ఎత్తితే జాబులు చదివే అధికారులు దాన్ని ఆపేస్తారని తాత హెచ్చరించాడు. “ఆడపిల్ల పుట్టిందని, పాకుతాందని రాయి, సాలు,” అంది వదిన.

యుద్ధం ముగిశాక అన్న గుంతకల్లు స్టేషన్‌లో దిగాడు. సగమైపోయాడు. నాలుగేళ్ల పాప వదిన చీర చాటు నుంచి “నువ్వెవురు?” అని అడిగింది. అన్న నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టి తన పేరు, నంబరు, హోదా గడగడా చెప్పాడు.

“నన్ను పట్టుకున్న ఆఫీసరుకు ఇవి మూడే చెప్పినా. అంతకు మించి చెప్పే పని లేదని చట్టం. నీకు మాత్రం నాలుగోది చెప్తా పాపా, నేను మీ నాయన్ని.”

ఇంటికి వస్తూ ఎద్దుల బండిలో మిగతాది చెప్పాడు. అంతా చట్టప్రకారం జరగలేదట. ఒక కాపలావాడు ఖైదీలను కొట్టేవాడట. యుద్ధంలో చేరని దేశంవాళ్లు చట్టం నడుస్తోందో లేదో శిబిరం చూడటానికి వచ్చినప్పుడు, అన్న ముందుకు నడిచి ఆ సంగతి చెప్పేశాడట. వారం తిరక్కుండా ఆ కాపలావాడిని అక్కడినుంచి తీసేశారట!

“భయం కాలేదా అన్నా?” అన్నాను.

“శానా అయింది. అయినా చెప్పినా.”

నేను బండిలో ముందుకు జరిగి కూర్చున్నాను. “ఆ చట్టంలో ఇంకేముండాది? చెప్పు, చెప్పు!”