నాటిన తేదీ

పదేళ్లు దాటింది. ఒక మనిషి మీద పడ్డ నింద నాదని తెలిసీ నోరు మెదపలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో అనకాపల్లిలో చిన్న గది తీసుకుని ప్రోగ్రాములు రాసేవాణ్ణి. దగ్గర్లోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో కటింగ్ ఆర్డర్ల ప్రోగ్రాం నాదే. ముందు నాటిన రైతు చెరకు ముందు నరకాలి. ఆ వరస కంప్యూటరే వేయాలి. ఆ సీజనుకి నాటిన తేదీని కొత్తగా చేర్చి, ప్రోగ్రాంని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఎక్కించాను. అదొక్కటే ఎక్కిస్తే చాలదు. వాళ్ల డేటాబేస్ పట్టికలోనూ ఆ తేదీకి ఒక కాలమ్ చేర్చాలి. మరిచిపోయాను.

మరుపొక్కటే అయితే ఇదంతా రాయను. అంతకు ముందు ఏడాది కూడా ఇలాగే పట్టిక కుదరక, తెరవగానే ప్రోగ్రాం ఆగిపోతే, మేనేజరు అందరి ముందూ తిట్టాడు. ఆ ఉక్రోషంలో, కాలమ్ లేకపోయినా ఆగకుండా ఊరి పేర్ల వరసలో లిస్టు ఇచ్చేసేలా రాసేశాను. గుమాస్తా టైపు చేసిన తేదీలు ఎక్కడా చేరలేదు. తెర మీద ఒక్క హెచ్చరికా రాలేదు. అక్షర క్రమంలో చీడికాడ పైకి పోయింది, మునగపాక అడుక్కి పోయింది.

పొలాలు తిరిగి ఆ తేదీలు రాసిచ్చే ఫీల్డ్‌మన్ నాయుడు గారిది చీడికాడ. సొంతూరివాళ్లని ముందు పెట్టుకున్నాడని మునగపాక రైతులు గేటు దగ్గర బైఠాయించారు. ముందు నాటిన వాళ్ల చెరకు పూత పూసి ఎండిపోతోంది మరి.

మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు. నాయుడు గారు జేబులోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. దాన్నెవరూ తెరిచి చూడలేదు.

"తేదీలు నాను సరిగ్గానే రాసేను బాబూ. నీ మిషన్‌కి మా చీడికాడంటే ఏటంత పేమ? సుట్టరికమేటైనా ఉందా?"

మేనేజరు కూడా నవ్వాడు. కాలమ్ చేర్చలేదని నాకు అప్పటికే అర్థమైంది.

"మిషన్‌దేముంది నాయుడు గారూ. మనం ఏదిస్తే అదే చూపిస్తాది."

"అయితే నానే తప్పిచ్చేనంటావ్."

నేను తెర వైపు తిరిగాను.

ఎందుకు చెప్పలేదు? పని పోతుందనా? అదీ ఉంది. కానీ ఇన్నేళ్లు తవ్వుకుని చూసుకుంటే, ఆ గదిలో మళ్లీ తిట్లు తినాలన్న భయమే పెద్దదిగా కనిపిస్తోంది. ఒక మనిషి కొలువు కన్నా నా చెవుల సుఖమే నాకు ఎక్కువైంది.

రెండు రోజులకి ఆయన్ని తీసేశారు. మర్నాడు వెళ్లి, ఎవరికీ చెప్పకుండా కాలమ్ చేర్చాను. ఆయన బల్ల మీదే వదిలేసిన నోటుపుస్తకం చూసి తేదీలన్నీ ఎక్కించాను. ఒక్క కొట్టివేత లేదు. లిస్టు సరిగ్గా వచ్చింది. ఏ రైతూ గొడవ చెయ్యలేదు. గుమాస్తా ఆ కాగితం అందరికీ చూపించాడు.

"సూసేరా, నాయుడు పోయేడు, లిస్టు బాగుపడింది."

నా దిద్దుబాటే ఆయన మీద చివరి సాక్ష్యమైంది.

తర్వాత ఆయన్ని ఏ ఫ్యాక్టరీ పెట్టుకోలేదు. ఇప్పుడు సబ్బవరంలో ఒక లేఅవుట్‌కి కాపలా. కిందటి నెల అటు వెళితే గేటు తీసింది ఆయనే. గుర్తుపట్టి, "బాగున్నావా బాబూ" అన్నారు. బాగున్నానన్నాను.

ఇప్పుడు నా ప్రోగ్రాములు తెరవగానే పట్టిక సరిచూసుకుంటాయి. తేడా ఉంటే ఆగిపోతాయి. క్లయింట్లు తిడతారు, పడతాను. దానివల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు.

ఆయన తప్పు రాయలేదు. తప్పు నాది. ఈ రెండు మాటలూ ఆ గేటు దగ్గర అనాల్సినవి. ఇక్కడ అంటున్నాను. ఇన్నాళ్లకి గొంతు దాటాయి, అంతే.