ఓడమ్మ తల్లికి ఓడ లేదు

ఈ వేసవి సెలవుల్లో ఇండియా వెళ్తూ దారిలో మలేషియా కూడా చూసిపోదామని జర్మనీలో మా వాల్డార్ఫ్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి అనుకుంటున్నాయి. రెండు నెలల క్రితం ఓ ఆదివారం పార్కులో మొక్కజొన్న పొత్తులూ చికెనూ కాల్చుకుంటూ కూర్చున్నప్పుడు, ఈ ప్రయాణం భారమంతా నెత్తిన వేసుకున్న కరీంనగర్ తమ్ముడు తన ఫోను నా ముందు పెట్టాడు. వరసకు తమ్ముడేమీ కాదు, ఇక్కడ మనకన్నా చిన్నవాళ్లందరూ మనకు తమ్ముళ్లే.

"అన్నా, గిది జూడు. మూడో దినం ఓడమ్మ తల్లి గుడి పెట్టిన. వెయ్యేండ్ల కింద మనోళ్ల రాజు ఓడల తెచ్చిన అమ్మవారంట. దర్శనానికి సుత టెర్మిన్ తీసుకోవాల్నంట." టెర్మిన్ అంటే ఇక్కడి భాషలో అపాయింట్‌మెంటు.

ఫోటోలో పెద్ద సిమెంటు ముఖద్వారం, దాని మీద తెరచాపలెత్తిన ఓడ, ఓడలో కత్తి పట్టుకున్న రాకుమారుడు. నా చేతిలోని పొత్తు చల్లారిపోయింది. ఆ కథ నేనే అల్లానని, ఓ బస్సులో మైకు పట్టుకుని అప్పటికప్పుడు చెప్పానని, ఆ రాజూ లేడు ఆ ఓడా లేదని చెప్పాను. అందరూ ఒక్కసారే నవ్వారు. "అన్నకు బీరు పడ్తలేదు, నీళ్లియ్యున్రి" అన్నాడు తమ్ముడు. ఇంటికి వచ్చే దారిలో కారులో మళ్లీ అదే చెప్పబోతే మా అమ్మాయి వెనక సీట్లోంచి, "ఎగాల్, నాన్నా. స్టోరీ బాగుంది కదా" అంది. ఎగాల్ అంటే ఏదైతేనేం అని. ఈ దేశంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించే మాట అదే.

నా వయసువాళ్లకైనా నిజం చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు, ఇక్కడి ఉద్యోగ వీసా అయిన బ్లూ కార్డూ జర్మన్ క్లాసులూ ఇంకా నా బుర్రలోనే లేని రోజుల్లో, విజయవాడలో ఓ చిన్న ట్రావెల్స్ కంపెనీలో టూర్ మేనేజరుగా పనిచేశాను. మేనేజరంటే పెద్దగా ఊహించుకోకండి; మనవాళ్లను గుంపుగా మలేషియా తీసుకెళ్లి, తప్పిపోకుండా లెక్కపెట్టుకుని, మళ్లీ తీసుకొచ్చి ఇళ్లకు అప్పజెప్పే పని. అప్పట్లో విదేశీయాత్ర ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. కంపెనీవాళ్లు ఇచ్చిన నారింజరంగు టోపీలు, పట్టుచీరల కింద కొత్త స్పోర్ట్స్ బూట్లు, విమానంలో మూత ఊడి సీట్ల కింద దాకా కారిన ఆవకాయ నూనె. ట్విన్ టవర్స్ ముందు అందరూ ఒకే చోట నిలబడి ఒకే ఫోటో తీయించుకోవాలి. బతు గుహల గుడి మెట్ల మీద కోతులు కొబ్బరిచిప్పలు లాక్కుపోతే వాటికీ దండం పెట్టాలి. పెనాంగ్‌లో ఓ వీధి ఉంది, మసీదూ చీనావాళ్ల గుడీ చర్చీ మారియమ్మ కోవెలా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ వీధిలో ఊరికే అటూ ఇటూ నడిస్తే చాలని నాకు ప్రతిసారీ అనిపించేది, కానీ మనవాళ్లకు చాక్లెట్ దుకాణానికి టైమైపోయేది. మా బస్సు నడిపే మలయ్ అన్న నమాజు కోసం దారిలో బండి ఆపితే మొదటి రోజు విసుక్కున్న పెద్దవాళ్లే, నాలుగో రోజుకల్లా ఆయన నమాజుకూ తమ కాఫీకీ వేళ కలిపేసుకునేవారు. అలాంటి మంచి సంగతులు కూడా ఉన్నాయి. వాటి గురించి నేనెప్పుడూ మైకులో చెప్పలేదు.

కౌలాలంపూరు నుంచి పెనాంగ్ వెళ్లే దారిలో మధ్యాహ్నం భోజనానికి మా బస్సు పెద్దరోడ్డు దిగి ఒకప్పుడు రబ్బరు తోటగా ఉన్న ఓ పామాయిల్ ఎస్టేటులోకి మళ్లేది. అక్కడ ఓ తెలుగావిడ ఉండేది, నేను అక్కా అని పిలిచేవాణ్ని. ఆమె ముత్తాతల కాలంలో విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన కుటుంబం. ముందే ఫోను చేస్తే పప్పూ, ముద్దకూరా, చేపల పులుసూ వండి ఉంచేది. ఆ వంట కోసమే అక్కడ ఆగేవాళ్లం. భోజనాల పాక పక్కనే రేకుల కొట్టం ఒకటి, దాని ముందు కాలవ గట్టున పసుపు రాసిన రాయి ఒకటి, రాయి మీద చిన్న రేకు నీడా ఉండేవి. ఎస్టేటువాళ్లు దాన్ని అమ్మోరు అనేవాళ్లు. అంతకు మించి పేరు లేదు.

ఓ గుంపులో రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన ఉన్నారు, అందరూ పెద్దాయన అనేవారు. మనవాళ్ల అలవాటు మీకు తెలిసిందే: ఏ గుడికి వెళ్లినా ముందు స్థలపురాణం అడుగుతాం. పురాణం లేని దేవుడికి మనం కొబ్బరికాయ కూడా కొట్టం. పెద్దాయన చేతులు కడుక్కుని రాయి దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఈ తల్లి మహత్యం ఏవిటి?" అని అక్కను అడిగారు. అక్క సంతోషంగా చెప్పడం మొదలుపెట్టింది. "మా నాన్నమ్మ ఎట్టిందండీ ఈ అమ్మోర్ని. ఈ ఆయా కొట్టంలో పిల్లల్ని సూసుకునీది..."

అది నిజమైన కథ. తెల్లవారకముందే ఆడవాళ్లు రబ్బరు చెట్లు గీయడానికి వెళ్లిపోతే, పసిపిల్లలందర్నీ ఆ కొట్టంలో ఆమె చూసుకునేది. దూలాలకు కొక్కేలు కొట్టి, వాటికి చీరల ఉయ్యాలలు వరసగా కట్టేది. నడక వచ్చిన పిల్లలు కాలవలోకి దిగుతున్నారని గట్టున ఓ రాయి పాతి, పసుపు రాసి, ఇక్కడ అమ్మోరు కూర్చుంది, ఇది దాటకూడదని చెప్పింది. పిల్లలు దాటలేదు. రబ్బరు పాల బకెట్లతో తిరిగొచ్చిన తల్లులు ముందు ఆ రాయిని ముట్టుకుని, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకునేవాళ్లు. ఇక్కడ కీటాలో, అంటే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో, చోటు కోసం నేనూ మా ఆవిడా పడ్డ పాట్లు పడ్డాక గానీ ఆ ముసలావిడ ఏం చేసిందో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

కానీ ఆ రోజు అక్క రెండో మాట చెప్పేలోపే పెద్దాయన ముఖం చిన్నబోయింది. "అంతేనా?" అన్నారు. ఆయన వెనకే అందరూ బస్సు వైపు నడిచారు. ఈ రేకుల షెడ్డు కోసమా షాపింగ్ తగ్గించారని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు కంపెనీ దాకా వెళ్తుందన్న భయమో, నలుగురినీ మెప్పించాలన్న కుర్రతనమో, నేను మైకు అందుకున్నాను. వేంగి నుంచి బయలుదేరిన ఓడ, తుఫాను, కలలో అమ్మవారు, ఒడ్డుకు చేరగానే కదలనని మొరాయించిన విగ్రహం... రాకుమారుడికి పేరు తోచక, మైకు పక్కన పడి ఉన్న అగరుబత్తీల పెట్టె మీది పేరు పెట్టేశాను. బస్సులోవాళ్లంతా దిగి వెనక్కి వెళ్లారు. గాజులు వేశారు, చీర కప్పారు, ఒకావిడ ఏడ్చింది కూడా. పెద్దాయన నా భుజం తట్టి, ఇంత చరిత్ర దాచిపెట్టావేమయ్యా అన్నారు.

బస్సెక్కబోతుంటే అక్క నా దగ్గరికి వచ్చింది. "అదేటి తమ్ముడా, అలగ సెప్పినావు? మా నాన్నమ్మేటైపోయింది?" అంది. జనం వస్తారక్కా, నీ వంటకూ గిరాకీ పెరుగుతుంది అన్నాను. ఆమె నవ్వి, "సర్లే లా, నీ ఇష్టం" అంది. మాటల చివర 'లా' చేర్చడం అక్కడివాళ్ల అలవాటు. ఆ నవ్వును ఒప్పుకోలు అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

పెద్దాయన ఊరికి వెళ్లి ఆ కథను ఓ భక్తి పత్రికలో రాశారు. మా కంపెనీ దాన్ని ఓడమ్మ తల్లి కథ అని పేరు పెట్టి కరపత్రంలో అచ్చువేసింది. ప్రతి యాత్రలోనూ నేను ఇంకాస్త చేర్చుకుంటూ పోయాను. ఓసారి మొసలి కూడా వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగం మారి, దేశం మారి మర్చిపోయాను. కథ నన్ను మర్చిపోలేదు.

పార్కు నుంచి వచ్చిన మర్నాడు అక్క నంబరు సంపాదించి ఫోను చేశాను. గొంతు పట్టి వెంటనే గుర్తుపట్టింది. ఆయా కొట్టాన్ని పడగొట్టబోతున్నారని చెప్పింది. యాత్రికుల బస్సులు నిలపడానికి స్థలం కావాలట, రాజుగారి గుడి ముందు తుప్పు రేకులు బాగోలేవట. "నా మాట ఎవులింటారు తమ్ముడా? నువ్వు సెప్తే ఇంటారు, నువ్వే కదా ఎట్టినావు" అంది. కొక్కేలు ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది.

గుడి కమిటీవాళ్లతో వీడియో కాల్ ఏర్పాటైంది. కెమెరా ముందు చొక్కా మార్చుకుని మరీ కూర్చుని, సిగ్గు విడిచి అంతా చెప్పాను. అధ్యక్షుడు ఓపిగ్గా విని, "సార్, ఈ కథ మీరు పుట్టకముందు నుంచీ ఉంది. మా అమ్మ నాకు ఉగ్గుపాలతో చెప్పింది" అన్నాడు. ఆయన అమ్మ ఆ కొట్టంలోనే, అక్క నాన్నమ్మ కట్టిన ఉయ్యాలలోనే పెరిగి ఉంటుంది! నా గొంతు పెరిగింది. రాకుమారుడి పేరు అగరుబత్తీల పెట్టె మీది పేరండీ అని అరిచాను. ఆయన చిరునవ్వు చెదరలేదు.

"అగరుబత్తీలవాళ్లే మన రాజుగారి పేరు ఎట్టుకున్నారేమో సార్."

తెర మీద మిగతావాళ్లు తలలూపారు. జర్మనీలో ఉండి పెద్ద ఉద్యోగం చేసుకునేవాళ్లకు మన సంస్కృతి అంటే చులకన కావడం మామూలేనని ఒకాయన పక్కాయనతో అన్నాడు, మైకు ఆపడం మర్చిపోయి. నేను చెప్పిన అబద్ధాన్ని నా నుంచి కాపాడుతున్నారు వాళ్లు. పోనీ కథ ఉంచుకోండి, కొట్టం మాత్రం ఉంచండి అని బతిమాలాను. చూద్దాం సార్, ఓడ ఉత్సవానికి మీరు తప్పక రావాలి అన్నారు.

కొట్టం పడిపోయింది. అక్కే ఫోను చేసి చెప్పింది. కొక్కేలైనా తెచ్చుకుంటానని వెళ్లేసరికి పాతసామాను లారీ వెళ్లిపోయిందట. నేను ఏదో అనబోతే అడ్డుపడి, ఉత్సవంలో పిల్లలకు తెలుగు మాట్లాడే పోటీ పెట్టారని, తన మనవరాలికి మొదటి బహుమతి వచ్చిందని చెప్పింది.

"ఏం చెప్పిందక్కా?"

"ఓడ కత. శానా బాగా సెప్పింది తమ్ముడా, తప్పు లేకుండా. మా నాన్నమ్మ సంగతి సెప్పవే అంటే, అది ఉత్త ఇంటి సంగతి, కత కాదు కదా అంది."

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆ నాన్నమ్మ పేరేమిటని అప్పుడు అడిగాను, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి. అక్కకు తెలియదు. అందరూ ఆయా అనే పిలిచేవారట. అసలు పేరు వాళ్ల నాన్నకు తెలుసునట, ఆయన పోయి చాలా కాలమైంది.

కరీంనగర్ తమ్ముడి ప్రణాళికలో మూడో రోజు మారలేదు. మా ఇంట్లోవాళ్లు కూడా వెళ్తున్నారు. నేను రానన్నాను, దానికీ ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఆ రోజుల్లో మనం కొత్త చోట బస్సు దిగితే ఏమీ తెలియక దిక్కులు చూసేవాళ్లం. తెలియదు కనుక ఎదురుగా కనిపించిన మనిషిని అడిగేవాళ్లం. ఆ మనిషి చెప్పింది నచ్చకపోవచ్చు, సగంలో లేచి రావచ్చు, కానీ అడిగేవాళ్లం. పెద్దాయన కూడా ముందు అక్కనే అడిగారు. ఈ వేసవిలో మావాళ్లు అక్కడ దిగినప్పుడు వడ్డించడానికి అక్క ఎదురుగానే నిలబడి ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. జవాబు అందరి జేబుల్లోనూ ముందే ఉంది, అది నేనిచ్చిందే.