ఆయుధపూజ రోజు ఆపకూడని మెషిన్

ఆ ఆఫీసులో నా పని ఇరవై మెషిన్ల క్షేమసమాచారం కనుక్కోవడం. వెక్కిరింత కాదు, నిజంగా అంతే. ఫైళ్లన్నీ లోపలి గదిలో సర్వర్ అనే పెద్ద మెషిన్లో ఉండేవి. ఎవరైనా ఒక ఫైలు తెరిస్తే దాని నకలు వాళ్ల మెషిన్లోకి వచ్చి కూర్చునేది. ఆ నకళ్లు కూర్చునే చోటును క్యాష్ అనేవాళ్లు. ఫైల్లో ఏం మార్చినా ఆ మార్పు మళ్లీ సర్వర్‌కి చేరాలి. చేరిందా, దారిలో ఆగిందా అని నేను రోజూ పొద్దున్నే ఒక్కో మెషిన్నీ అడిగి, తెర మీద వచ్చిన జవాబు చదివి, రిజిస్టర్లో టిక్కు పెట్టాలి.

పదహారేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నలభై మూడేళ్ల వయసులో టిక్కులు పెట్టడానికి వచ్చాను. ప్రిన్సిపాల్‌తో పోట్లాడి ఆ ఉద్యోగం నేనే వదులుకున్నాను. మరుసటి ఏడాదే మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. మూసాపేటలో రెండు గదుల ఇల్లు నా ఒక్క జీతం మీద నడిచేది. అదీ ఆరు నెలల ప్రొబేషన్. ఉంచుతారో పంపేస్తారో దసరా వెళ్లాక చెబుతామన్నారు.

టిక్కుల పనిలో ఒక జబ్బుంది. మూడు నెలలపాటు ప్రతి మెషినూ ‘అంతా చేరింది’ అనే చెబితే, నాలుగో నెలలో కళ్లు చదవడం మానేస్తాయి. చెయ్యి మాత్రం మానదు. హోంవర్కు పుస్తకాలు చదవకుండా దిద్దే లెక్చరర్లను స్టాఫ్‌రూములో నేను అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

ఆయుధపూజ రోజు పొద్దున సర్వర్ డిస్కు పోయింది. జాగ్రత్త కోసం టేపు మీద దాచిన నకలు పది రోజుల కిందటిది. పండగ కాగానే పని క్లయింటుకి పంపాలి. అప్పటి నుంచి ఆరుగురు ప్రోగ్రామర్లు కూర్చుని చేసిందంతా పోయినట్టే. సిస్టమ్స్ ఇంజనీరు కొత్త డిస్కు, టేపు డ్రైవు తేవడానికి బేగంపేట వెళ్లాడు. చేయడానికి ఇంకేమీ లేక నేను నా ఇరవై మెషిన్లనూ అడగడం మొదలుపెట్టాను. ఆ రోజు మాత్రం ప్రతి అక్షరం చదివాను.

కిటికీ పక్క మెషిన్ దగ్గర ఆగిపోయాను. ఆరుగురూ తమ ప్రోగ్రాములను చేర్చేది దాంట్లోనే. సర్వర్‌తో సంబంధం తెగింది, పంపాల్సిన మార్పులు మూడు వందల పన్నెండు అని చూపిస్తోంది. మొదటిది తొమ్మిది రోజుల కిందటిది. రిజిస్టర్ తెరిచాను. ఆ గడిలో వరసగా తొమ్మిది టిక్కులు. అన్నీ నావే, అన్నీ ముచ్చటగా ఉన్నాయి.

పోయిందనుకున్న పనంతా ఈ ఒక్క మెషిన్లో ఉంది, నేను చూడకపోవడం వల్ల ఇక్కడే ఉండిపోయింది. కానీ పంపాల్సినవాటి జాబితాను అది ఆన్‌లో ఉన్నంతసేపే గుర్తుపెట్టుకుంటుంది. ఆపి మళ్లీ వేస్తే టేపు నుంచి సర్వర్‌లోకి వచ్చే పాత ఫైళ్లే నిజమనుకుని తన దగ్గరున్నవి తుడిచేస్తుంది. ఇంజనీరు వచ్చి టేపు మీదికి ఎక్కించేదాకా అది ఆగకూడదు.

వెనక నుంచి మేనేజర్ గొంతు వినిపించింది. ఆయనది భీమవరం. "మేడమ్ గారూ, పదకొండుకి ముహూర్తమండి. అన్నీ ఆపేస్తే మెయిన్ కట్టేద్దాం."

పూజకు ముందు మెయిన్ కట్టేసి, యూపీఎస్‌తో సహా అన్నిటినీ ఆపి, తుడిచి బొట్టు పెట్టడం ఆ ఆఫీసు ఆచారం. పంతులుగారు అప్పటికే కొబ్బరికాయలు పేర్చుకుంటున్నారు.

"ఇదొక్కటి ఉండనివ్వండి. టెస్టు నడుస్తోంది," అన్నాను.

"సర్వరే లేదు కదండి. ఏం టెస్టు?"

అబద్ధం అక్కడే దొరికిపోయింది. పంతులుగారు అందుకున్నారు. "పనిముట్టు ఈ రోజు విశ్రాంతి తీసుకోవాలమ్మా. నడుస్తున్నదానికి పూజేమిటి?"

"మీరు గంట వాయించడం ఆపకుండానే మంత్రం చదవట్లేదా? ఆ గంటా పనిముట్టే," అన్నాను. ఎవరూ నవ్వలేదు. మేనేజర్ చెయ్యి గోడ మీది మెయిన్ దగ్గరకు వెళ్లింది.

నేను లేచి అడ్డం నిలబడ్డాను. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆరుగురి పని పోతుంది. ఇంట్లో మా ఆయన ముఖం ఒక్క క్షణం కళ్ల ముందు కదిలింది.

"దీన్ని తొమ్మిది రోజులుగా చూడకుండానే టిక్కు పెట్టాను," అన్నాను. "మీ పని దీంట్లోనే ఉంది. ఆపితే పోతుంది."

మేనేజర్ నన్నూ రిజిస్టర్‌నూ మార్చి మార్చి చూశాడు. చెయ్యి కిందికి దించాడు. "మరి పూజ ఎలాగండి? ఎండీగారు పన్నెండుకల్లా వచ్చేస్తారు."

మెషిన్లు తుడిచే ఆయమ్మది బోరబండ. తడిగుడ్డ పిండుతూ అంది: "ఏంది సార్ గింత పరేషాన్. మా తమ్ముడు ఆటోకి ఇంజన్ చాలు చేసి, అది నడుస్తుండంగనే పూజ చేపిస్తడు. బంద్ చేస్తే మల్ల చాలు కాదది. పంతులు ఎన్నడన్న కాదన్నడా?"

పంతులుగారు చేతిలోని కొబ్బరికాయ కింద పెట్టారు. "వాహనానికి ఫరవాలేదు," అన్నారు. "పోనీ, ఇదీ అలాంటిదే అనుకుందాం."

మెయిన్ కట్టలేదు. తక్కిన పందొమ్మిదింటినీ విడివిడిగా ఆపారు. నడుస్తున్న మెషిన్‌కి ఆయమ్మ బొట్టు పెట్టింది. "జర నువ్వు పక్కకు జరుగమ్మా, నేనేం మింగను," అంది నాతో. నేను జరగలేదు. ఎండీగారు వచ్చి హారతి తీసుకుని వెళ్లిపోయేదాకా కుర్చీ వదల్లేదు.

ఇంజనీరు ఒంటిగంటకు వచ్చాడు. మూడు వందల పన్నెండూ టేపు మీదికి ఎక్కేదాకా నేను నీళ్లు కూడా తాగలేదు. ఆఖరిది ఎక్కాక మేనేజర్ రిజిస్టర్ తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"ఈ తొమ్మిదీ మీరేనా అండి?"

"నేనే."

ఆ ఒక్క రోజు వాదించలేదు.

దసరా వెళ్లాక ఉత్తరం వచ్చింది. పర్మనెంటూ కాదు, పంపేయడమూ కాదు. ఇంకో ఆరు నెలలు చూస్తామట. ఉత్తరం చదివి మా ఆయన "పోనీలే" అన్నాడు. కానీ ఆ రాత్రి ఆయన పళ్లెంలో అన్నం సగం అలాగే ఉండిపోయింది. మర్నాడు నేను వెళ్లేసరికి కొత్త రిజిస్టర్ పెట్టారు. టిక్కుల్లేవు, పంపాల్సిన మార్పులు ఎన్ని మిగిలాయో అంకె రాయాలి. ఐదు నిమిషాల్లో అయ్యే పనికి ముప్పావుగంట పట్టింది. ఇరవై సార్లు సున్నా రాశాను, రాసిన ప్రతిసారీ తెర వైపు రెండోసారి చూసి.