ఎక్స్ మాస్టారి తప్పు లెక్క

ఎక్స్ మాస్టారికి ధర అడిగి కొనడం గిట్టదు. ధర కనిపెట్టి కొనాలి. ఆయన భార్యకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే.

కొట్టతను "సబ్బు..." అని నోరు తెరిస్తే చాలు, మాస్టారు చెవులు మూసుకుంటారు.

"చెప్పకు నాయనా! రెండు సబ్బులూ ఒక బ్రష్షూ కలిపి ఎంతో చెప్పు. సబ్బుకంటే బ్రష్షు ఎంత ఎక్కువో చెప్పు. సబ్బు ఎక్స్ అనుకుందాం..."

వెనక వరస వీధిలోకి పాకుతుంది. ఆవిడకు తల కొట్టేసినట్లుంటుంది.

"ధర సబ్బు మీదే అచ్చేసి ఉంది కదండీ!"

"అది చూసి రాయడమే! కాపీ!" అంటారాయన, ఆవిడేదో దొంగతనం చేయమన్నట్లు.

బస్సులోనూ ఇదే బాగోతం. తమకు రెండు ఫుల్లు, మనవడికి ఒక హాఫ్ టికెట్లకు ఆయన ఎక్స్ కనిపెట్టేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఎండలో వెనక్కి నడుస్తూ, "ఈసారి ఆ ఎక్స్‌నే కట్టుకోండి!" అని ఆవిడ దారిపొడుగునా దులిపేసింది.

మొన్న ఇద్దరూ వీధి చివర టైలరమ్మ దగ్గరికి వెళ్ళారు. మిషను మోటారు కాలిపోయి, కొత్తది కొనే దారి లేక ఆమె కాలితోనే తొక్కుతోంది. మోకాలు వాచి గుడ్డ కట్టుకుంది. సాయమంటే మాత్రం ఒప్పుకోదు. ఒకసారి మాస్టారి భార్య చిల్లర ఉంచుకోమంటే, వెంటపడి వచ్చి చేతిలో పెట్టి వెళ్ళింది.

"నాలుగు దిండు గలీబులు, రెండు కర్టెన్లు. నాలుగు వందలండీ."

"కర్టెన్ కూలి గలీబుకు మూడింతలేగా? గలీబు ఎక్స్ అనుకుందాం. నాలుగు ఎక్స్‌లు, ఆరు ఎక్స్‌లు, వెరసి పది. అంటే ఎక్స్ యాభై. పది యాభైలు ఐదు వందలు. వంద మరిచావమ్మా!"

మాస్టారి భార్య నిర్ఘాంతపోయింది. నాలుగు వందల్లో పదో వంతు నలభై! ఊరంతా తన పరువు తీసిన మనిషి చివరికి పసిపిల్లల లెక్క తప్పుతాడా?

"ఏమండీ!" అని గయ్యిమంది. ఆయన ఆవిడ వంక చూడలేదు. టైలరమ్మ మోకాలి కట్టు వంక చూస్తున్నారు.

"మాస్టారు చెప్పాక తిరుగేముంది! నేనే పొరపడ్డానేమో," అంది టైలరమ్మ.

"ఆయన లెక్కా తప్పే!" అంది మాస్టారి భార్య, కోపం దిగని గొంతుతోనే. "కర్టెన్లకు లైనింగు కుట్టావు కదా, దాన్నెక్కడ కలిపారు? ఎక్స్ అరవై. ఆరు వందలు తియ్యండి!"

లెక్కలో ఏనాడూ తప్పు ఒప్పుకోని మాస్టారు ఆరు వందలూ లెక్కపెట్టి ఇచ్చారు.

వీధి మలుపు తిరిగాక మెల్లగా అడిగారు. "అరవై ఎలా వచ్చిందే నీకు?"

"మీది చూసి రాశాను," అందావిడ.