పేర్లు మిగిలిన పాటలు

కంప్యూటర్ నాకు అబద్ధం చెప్పింది. మా అక్క పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయంది. ఎక్కలేదు. ఆ మాట నమ్మి, ఫోన్లో ఉన్నవాటిని నా చేతులతో నేనే చెరిపేశాను.

అక్క అత్తగారి ఊరు కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్ద. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. జొన్నలు విసురుతూ సగం తెలుగు, సగం కన్నడం కలిపి పాడేది. ఆమె మంచం పట్టాక నేను నారాయణఖేడ్ నుంచి బస్సులో పోయి, పక్కన కూర్చొని ఫోన్లో రికార్డు చేసుకొచ్చేవాణ్ణి.

"పాట ఇంటున్నవా, ఫోన్ సూస్తున్నవారా?" అని కసిరేది.

"నువ్వు పాడక్కా. నేను ఇంటికి వొయినంక నిమ్మలంగ ఇంట."

ఒక్కో పాటకూ పేరు రాసి దాచాను. నిమ్మళంగా వినే రోజు మాత్రం రాలేదు. అక్క పోయింది.

నెల మాసికానికి మేనకోడలు ఫోన్ చేసి, "మామా, అమ్మ గొంతు అందరం ఇందాం, పట్కరా" అంది. మాసికం రోజు పొద్దున ఫోన్ నిండిపోయి సతాయిస్తుంటే, దాన్నీ పెన్‌డ్రైవ్‌నూ కంప్యూటర్‌కు తగిలించి పాటలన్నీ ఇటు నుంచి అటు వేశాను. పూర్తయిందని తెర మీద పడింది. ఫోన్లోవి చెరిపేశాను. బయట ఆటో అతను "తాతా, బస్సు ఎల్లిపోతది, జల్దీ రా!" అని మొత్తుకుంటుంటే పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాను.

అక్క ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చున్నారు. పెన్‌డ్రైవ్ దానికి తగిలిస్తే నేను రాసిన పేర్లన్నీ వరుసగా కనిపించాయి. నొక్కితే చప్పుడు లేదు. ఇంకోటి. అదీ అంతే.

"గింత దూరం మూగ పాటలు మోసుకొచ్చిండు ముసలాయన" అని పక్కింటామె నవ్వింది. మేనకోడలు నవ్వలేదు. లేచి టీవీ కట్టేసింది. నారాయణఖేడ్ తిరిగొచ్చాక ఫోన్ రిపేరు చేసేవాడూ చూసి, "పోయినయి తాతా" అన్నాడు.

రాయకముందే రాశానని చెప్పమని ఆ కంప్యూటర్‌కు ఎవరు నేర్పారు? నేను బడికి పోయినవాణ్ణి కాను. ఒక తహసీల్దారు కచేరి రికార్డు గదిలో అటెండరుగా ఉంటూ ఫైళ్ల మీది అక్షరాలతో చదువు నేర్చినవాణ్ణి. కాబట్టి కంప్యూటర్ పుస్తకం ఒకటి తెచ్చుకొని ఇదీ కూడబలుక్కుంటూ చదివాను. డిస్కు, పెన్‌డ్రైవ్ లాంటివి నిదానం, కంప్యూటర్ లోపలి మెమరీ చురుకు. అందుకని కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్, మాటిమాటికి అడిగే ఫైళ్లను మెమరీలోనే అట్టిపెట్టుకుంటుంది. ఒక ముక్క అడిగితే తరువాతి ముక్కలు కూడా ముందే తెచ్చిపెట్టుకుంటుంది. రాయాల్సినవాటిని పోగేసి, డిస్కు మీద ఏది ఎక్కడ ఉండాలో ఆ వరుసలో ఒకే తిరుగుడులో రాస్తుంది. మనతో మాత్రం పని అయిపోయిందని ముందే అంటుంది. పీకే ముందు దాని అనుమతి అడగాలట. నా పాటల పేర్లు పెన్‌డ్రైవ్‌కు చేరాయి, గొంతు మెమరీలోనే ఉండగా నేను పీకేశాను.

చదువుతుంటే నా కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది. రికార్డు గదిలో నేను చేసిందీ ఇదే కదా. ఎక్కువగా అడిగే ఫైళ్ల కట్టలు తలుపు పక్క బల్ల మీదే ఉంచేవాణ్ణి. ఒక కట్ట అడిగితే పక్కవి రెండు కూడా దించేవాణ్ణి. తిరిగి వచ్చినవాటిని ఆ బల్ల మీదే కుప్పేసి, సాయంత్రం బీరువాల వరుసలో ఒక్క చుట్టులో సర్దేవాణ్ణి. సారు మధ్యాహ్నమే "పెట్టినవా?" అంటే "పెట్టిన సార్" అనేవాణ్ణి. జల్దీ మనిషినని పేరు. ఒక వానకు కప్పు కురిసి బల్ల మీది కట్టలు నానిపోయాయి. తన భూమి కాగితాలు అందులో పోయాయని ఒక రైతు ఏడిస్తే, "కప్పు కురిస్తే నేనేం జెయ్యాలె?" అన్నాను. అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఏ ఊరి కట్ట ఏ బీరువాలో ఉండేదో నేటికీ చెప్పగలను. అక్క జొన్నలు విసిరే పాటలో మొదటి మాట దాటితే రెండోది రాదు. ఆమె పాడుతున్నంతసేపూ నేను ఫోన్ మీద కదిలే అంకెలనే చూశాను.

కంప్యూటర్ చేసిన మోసమంతా మేనకోడలికి నాలుగు పేజీలు రాసి పంపాను. పాట నాకు గుర్తు రావడం లేదన్న సంగతి ఒక్కటి మాత్రం రాయలేదు. రెండు నెలలు గడిచాయి. నిన్న జవాబు వచ్చింది:

"మామా, నువ్వు రాసింది సగం సమజ్ గాలే. తప్పు మిషిన్‌దో నీదో, పోనియ్యి. అమ్మ పక్కన కూసొని ఇన్నది నువ్వొక్కనివే. జొన్నలు ఇసిరే పాటల మొదటి మాట నాకు యాదున్నది. రెండోది ఏందో, గదొక్కటి రాసి పంపు."